'నియర్' అంటే 'దగ్గర' అని చెప్పి ఊరుకోకండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఇంగ్లిష్ ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం పదజాల బోధన. అది అరగంటలో తేలేది కాదు కాబట్టి ఒక్క మాటే పట్టుకుంటాను: నియర్.

పదో తరగతి పేపర్లు దిద్దేవాళ్ళకు ఈ వాక్యాలు కొత్త కాదు. "దేర్ ఈజ్ నో మనీ నియర్ మి." "హి వెంట్ నియర్ ద డాక్టర్." "ఐ లర్న్‌డ్ మ్యూజిక్ నియర్ హిమ్." ఎర్ర సిరాతో కొట్టేసి మార్కు కోస్తాం. ఎందుకు కోశామో పిల్లవాడికి తెలియదు. పాఠం చివరి పట్టికలో నియర్ ఎదురుగా 'దగ్గర' అని అచ్చయి ఉంది, వాడు దాన్ని నమ్మాడు. నమ్మినందుకు వాడికి శిక్ష!

మన 'దగ్గర' చేసే చాకిరీ చూడండి. నా దగ్గర డబ్బు లేదు అన్నప్పుడు అది స్వాధీనం, ఇంగ్లిష్‌లో 'హావ్'. డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు అన్నప్పుడు గమ్యం, 'టు'. మాస్టారి దగ్గర నేర్చుకున్నాను అంటే 'ఫ్రమ్' లేదా 'అండర్'. నాన్న దగ్గర ఆ మాట అనకు అంటే 'ఇన్ ఫ్రంట్ ఆఫ్'. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది అంటే 'ఎట్'. ఈ అయిదింటిలో ఒక్కచోట కూడా నియర్ పనికిరాదు.

పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పండి: "ఎంత దూరం?" బడి చెరువు దగ్గర ఉంది. ఎంత దూరం? రెండు వందల గజాలు. జవాబు వచ్చింది, నియర్ వేసుకో. నా దగ్గర డబ్బు లేదు. ఎంత దూరం? క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు వచ్చిందంటే నియర్ కుదరదన్నట్టే. వాక్యం ముందు తెలుగులో చెప్పించాలి, ప్రశ్న వేయించాలి, ఆ తర్వాతే ఇంగ్లిష్ మాట వెతికించాలి. ఈ వరస తిరగబడితే మళ్ళీ పాత తప్పే.

ఈ ప్రశ్నకూ ఒక చిక్కుంది. 'బస్టాండ్ దగ్గర ఉన్నాను' అని ఫోన్లో చెబుతాం. లోపల ఉన్నామా, ఎదురు సందులో ఉన్నామా? తెలుగులో రెండూ చెల్లుతాయి. ఇంగ్లిష్‌లో అక్కడే ఉంటే 'ఎట్ ద బస్టాండ్', కాస్త ఇవతల ఉంటే 'నియర్'. ఇది వ్యాకరణం పుస్తకంతో రాదు. నల్లబల్ల మీద ఒక గడి గీసి, చుక్క లోపల ఒకసారి, బయట ఒకసారి పెట్టి చూపించాలి.

ఇక 'నియర్ టు మై హౌస్'. 'నియర్ మై హౌస్' చాలు. పోల్చేటప్పుడు మాత్రం 'నియరర్ టు' మామూలే. 'ఎ నియర్ షాప్' అనరు, 'ఎ నియర్‌బై షాప్' అంటారు; 'ద నియరెస్ట్ షాప్' మాత్రం నిక్షేపంగా అంటారు. నియర్ క్రియ కూడా: పని పూర్తికావస్తోంది అంటే 'ద వర్క్ ఈజ్ నియరింగ్ కంప్లీషన్'. మధ్యలో 'టు' దూర్చకూడదు.

'నియర్లీ' దగ్గర మనకు మంచి సాధనం ఉంది, ఎవరూ వాడరు. పడబోయాడు, ఏడ్వబోయింది: ఈ 'బోయి' ఉన్నచోటల్లా నియర్లీ వేసి చూడండి. 'హి నియర్లీ ఫెల్'. చచ్చినంత పనైంది అన్నా అదే. లెక్కల్లో మాత్రం జాగ్రత్త. 'నియర్లీ ఎ హండ్రెడ్' అంటే వంద నిండలేదని. మన 'దగ్గర దగ్గర వంద' నూట రెండయినా ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు 'అబౌట్' రాయించండి.

'నియర్ మిస్' అని పేపర్లో వస్తే పిల్లలు తికమకపడతారు. విమానాలు ఢీకొన్నాయా లేదా? కొనలేదు. వెంట్రుకవాసిలో తప్పిందని అర్థం.

కొంచెం పక్కకు వెళ్తాను, ఇది చెప్పకుండా ఉండలేను. పాత ఇంగ్లిష్‌లో దగ్గర అన్నదానికి మాట 'నేఅహ్'. ఇంకా దగ్గర అంటే 'నేఅర్', అన్నిటికన్నా దగ్గర అన్నదే ఇవాళ్టి 'నెక్స్ట్' అయింది. మొదటి మాట 'నై'గా మిగిలి మూలపడితే, పోలికలో వాడే మాట వచ్చి దాని పీట మీద కూర్చుంది. 'నైబర్'లో ఆ పాత మాట ఇప్పటికీ ఉంది. గుర్రం ఎడమ పక్కను నియర్ సైడ్ అంటారు, ఎక్కేది అటునుంచే కాబట్టి.

మళ్ళీ దారిలోకి వస్తాను. దూరం కొలవలేని చోట కూడా నియర్ వస్తుంది: నియర్ ఫ్యూచర్, నియర్ రిలేటివ్. దగ్గరి స్నేహితుడు మాత్రం 'క్లోజ్ ఫ్రెండ్'. ఆ క్లోజ్‌లో చివర 'స' పలకాలి. తలుపు మూసే క్లోజ్‌లోనే 'జ'. మనం రెండూ ఒకేలా పలుకుతున్నాం.

నియర్ రిలేటివ్ గురించి గట్టిగా చెప్పాలి. 1994 నాటి కేంద్ర అవయవ మార్పిడి చట్టంలో ఈ మాటకు హద్దు గీశారు: భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, సోదరుడు, సోదరి. 2011 సవరణ తాతలను, నాయనమ్మ అమ్మమ్మలను, మనవలను, మనవరాళ్ళను చేర్చింది. మన ఇళ్ళలో మేనమామ కన్నా దగ్గరి బంధువు ఎవరండీ? అయినా ఆ జాబితాలో మేనమామ లేడు, బాబాయి లేడు. వాళ్ళు కిడ్నీ ఇస్తామంటే అధీకృత కమిటీ అనుమతి కావాలి. ఇంటర్ చదివిన కుర్రాడు ఆసుపత్రిలో ఆ కాగితం చదివి ఇంట్లోవాళ్ళకు 'దగ్గరి బంధువు' అని చెబితే, మేనమామ సంచీ సర్దుకుని బయల్దేరతాడు. అందుకే అడుగుతున్నాను.

పాఠ్యపుస్తకాల పనిలో ఉన్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ పట్టికలో ఇంగ్లిష్ మాటకు ఒక్క తెలుగు మాట పెట్టే పద్ధతి మానండి. ఒక్క గడి ఎక్కువ తీసుకోండి, ఎక్కడ వాడకూడదో ఒక వాక్యం వేయండి. కాగితం ఖర్చంటారా, చిన్న అక్షరాల్లో వేయండి. గైడ్లవాళ్ళు మీ పట్టికనే ఎత్తి రాసుకుంటారు, మీరు మారిస్తే వాళ్ళదీ మారుతుంది.

అది అచ్చయ్యేదాకా ఆగక్కర్లేదు. రేపు ఎనిమిదో తరగతిలో 'దగ్గర' ఉన్న తెలుగు వాక్యాలు పది, పిల్లల చేతే చెప్పించి బోర్డు మీద రాయండి. ఒక్కోదానికీ "ఎంత దూరం?" అడిగించండి. నియర్ నిలవని వాక్యాలను ముందు విడదీసి, వాటికి సరిపడే మాట వాళ్ళనే వెతకనివ్వండి. నియర్ నిలిచినవి పీరియడ్ చివర్లో చేయించండి.