నాలుకకు తిమ్మిరెక్కించే వంట

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం పూట ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర "అన్నా, ఒక షెజ్వాన్ రైస్" అన్న మాట రోజూ వినబడేదే. ఆ షెజ్వాన్ నిజానికి చైనాలో ఒక రాష్ట్రం, సిచువాన్. అయితే మన బండి మీది ఎర్ర సాస్‌ని అక్కడివాళ్ళకి పెడితే తమ వంటని గుర్తుపట్టడం కష్టం. అందులో అసలు సరుకే ఉండదు మరి.

ఆ సరుకు పేరు హువాజియావ్. చూడటానికి ఎర్రబారిన మిరియంలా ఉంటుంది గానీ మిరియాల జాతి కాదు. నిమ్మ, కరివేపాకుల కుటుంబం. నల్ల గింజ పారేసి పైతొక్కే వాడతారు. ఒక తొక్క నాలుక మీద వేసుకుంటే ముందు నిమ్మతొక్క వాసన. ఇంతేనా అనుకుంటాం. కాసేపటికి, బాసింపట్టు వేసుకుని కూర్చుని లేచినప్పుడు కాలు జివ్వుమంటుంది చూడండి, అచ్చం అలా పెదవులూ నాలుకా జివ్వుమంటాయి. లండన్ పరిశోధకులు 2013లో లెక్కగడితే ఆ అదురు సెకనుకి దాదాపు 50 సార్లు ఉందట. ఈ తిమ్మిరిని అక్కడ 'మా' అంటారు, కారాన్ని 'లా' అంటారు. రెండూ కలిపి 'మాలా'.

ఇందులో 'లా' కొత్త కోడలు. మనకి వచ్చినట్టే మిరపకాయ చైనాకీ అమెరికా ఖండం నుంచే వచ్చింది. 16వ శతాబ్దం చివరిదాకా అక్కడ దాని ఊసే లేదు. ఇప్పుడు మన తేజ మిర్చి చైనాకి బస్తాల కొద్దీ ఎగుమతి అవుతోంది.

సిచువాన్ రాజధాని చెంగ్డూలో 19వ శతాబ్దంలో పుట్టిన కూర మాపో తోఫు. 'మచ్చల అవ్వ తోఫు' అని అర్థం; వండినావిడ ముఖం మీద మశూచి మచ్చలుండేవట. సోయా పాలతో చేసే, పనీర్ లాంటి మెత్తటి తోఫు ముక్కలు, కాస్త ఖీమా, పైన హువాజియావ్ పొడి. వీటన్నిటినీ కలిపేది ఒక ముద్ద. మిరపపండ్లూ, ఒక రకం చిక్కుడు గింజలూ ఉప్పేసి, పెద్ద జాడీల్లో నెలల తరబడి ఎండకి పెట్టి, కలియబెడుతూ ఊరబెడతారు. వానొస్తే పరుగున మూతలేస్తారు. మన ఇళ్ళల్లో ఊరగాయ జాడీలకి ఉండే మర్యాదే!

తూర్పు వైపున్న హునాన్ రాష్ట్రంలోనూ కారం దంచేస్తారు, తిమ్మిరి మాత్రం అంతగా ఉండదు. ఉత్తరాదిన గోధుమ నూడుల్స్, ఆవిరి రొట్టెలు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ దారి పూర్తిగా వేరు. అప్పటిదాకా తొట్టిలో ఈదుతున్న చేపని ఆవిరి మీద కొద్ది నిమిషాలు ఉడికించి, అల్లం, ఉల్లికాడలు పరిచి, పైన సలసల కాగే నూనె, సోయా సాస్ పోస్తారు. అంతే. మనకి చప్పగా అనిపించొచ్చు. నాకైతే అదే కష్టమైన వంట అనిపిస్తుంది. చేప కాస్త పాతబడినా దాచడానికి మసాలా లేదు కదా!

చివరగా ఒక్క మాట. హువాజియావ్‌కి దగ్గర చుట్టం మన కొండల్లోనే ఉంది. సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దాని శాస్త్రీయ నామంలో 'రెట్సా' అని పెట్టాడు. అది మన 'రచ్చమాను'లోని రచ్చే. ఆ చెట్టు నీడన కొండవాళ్ళు రచ్చ తీర్చేవారని, దాని పచ్చికాయ నారింజతొక్క రుచిగా ఉంటుందని ఆయన రాసుకున్నాడు.