టర్బో కారులో మాన్యువలే ఫాస్టా? బజ్జీల బాణలి చూసి చెప్పండి

మా బావ ఒకడున్నాడు. "ఆటోమేటిక్ అంటే సిల్క్ బోర్డ్ సిగ్నల్లో ఎడమ కాలు నొప్పెట్టకుండా కొనుక్కునేది రా, స్పీడు కావాలంటే మాన్యువలే" అంటాడు. ఆదివారం పొద్దున నంది హిల్స్ వెళ్లినప్పుడల్లా ఇదే పాట. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు, టర్బో లేని ఇంజన్లు ఉన్న రోజుల్లో అయితే ఒప్పుకునేవాణ్ణి. కానీ బావా, నీది టర్బో!

మారతహళ్లిలో సాయంత్రం పూట మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడే ఉంటారుగా? నూనె బాగా కాగితేనే బజ్జీ పొంగుతుంది. మన కారులో ఆ నూనె వేడే బూస్ట్. పొయ్యి ఏదంటే, ఇంజన్ నుంచి బయటికొచ్చే పొగ. అది టర్బైన్‌ని తిప్పితే, ఆ తిప్పుడుకి ఇంజన్‌లోకి గాలి కుక్కబడుతుంది. ఆ యంత్రమే టర్బో, ఆ కుక్కుడే బూస్ట్.

మాన్యువల్‌లో గేరు మార్చాలంటే యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కాలి. వదిలావా, పొగ తగ్గిపోయింది, అంటే పొయ్యి ఆరిపోయింది. కుక్కిన గాలి "ప్ష్‌ష్" అంటూ పోతుంది. ఆ చప్పుడుకి మనవాళ్లు రీల్స్ కూడా తీస్తారు. నాయనా, అది నువ్వు పెట్రోలు తగలేసి కాచుకున్న వేడి! మళ్లీ తొక్కితే నూనె మళ్లీ కాగేదాకా ఆగాలి. టర్బో లేని ఇంజన్‌కి ఈ బాధ లేదు, తొక్కగానే పలుకుతుంది.

సాక్ష్యం కావాలా? 2006లో వచ్చిన పోర్షె 911 టర్బో, 997 తరం, 480 హార్స్‌పవర్. ఆరు గేర్ల మాన్యువల్‌కి 0 నుంచి గంటకి 100 కి.మీ. వేగం చేరడానికి 3.9 సెకన్లు. టిప్‌ట్రానిక్ ఆటోమేటిక్‌కి గేర్లు ఐదే, బరువు కూడా ఎక్కువే, అయినా 3.7! కంపెనీ వాళ్లు ఇచ్చిన అంకెలే ఇవి. ఎందుకంటే గేరు మారుతున్నా పెడల్ వదలక్కర్లేదు, పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పైగా అందులో ఉన్నది క్లచ్ కాదు, ద్రవం ద్వారా ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి పంపే టార్క్ కన్వర్టర్ కాబట్టి, బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే బండి కదలకముందే కొంత బూస్ట్ వచ్చేస్తుంది. మొదటి బజ్జీ వేసేలోపే నూనె రెడీ. 2013లో వచ్చిన 911 టర్బోలో అయితే మాన్యువల్‌నే ఎత్తేశారు.

ఆ 2013 కారులో ఉన్నది డ్యూయల్ క్లచ్. బజ్జీలాయన కుడిచేత్తో ఒకటి వేస్తూనే ఎడంచేత్తో తర్వాతిది శనగపిండిలో ముంచి పట్టుకుంటాడు చూడండి, అదే. బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకొకటి.

ఇప్పుడు రేషియోలు, అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ ఒక్కసారి తిరగాలంటే ఇంజన్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకెలు. నాకు నిద్రపట్టనివ్వనివి ఇవే. బజ్జీలు ఒక్కొక్కటిగా వేస్తే నూనె చల్లారదు. ఆరు ఒకేసారి పడేస్తే? గేరుకీ గేరుకీ మధ్య ఎడం ఎక్కువైతే అదే జరుగుతుంది. ఉదాహరణకి 6000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మారుస్తున్నాం అనుకోండి. రెండో గేరు 2.0, మూడోది 1.5 అయితే ముల్లు 4500కి దిగుతుంది. అదే మూడోది 1.2 అయితే 3600కి పడిపోతుంది. నీ టర్బో 4000 దాటితే గానీ గట్టిగా ఊదని రకమైతే, ఆ 3600 దగ్గర దిక్కులు చూస్తూ కూర్చోవాల్సిందే. పెద్ద టర్బో బిగించుకుని గేర్‌బాక్స్ సంగతి మర్చిపోయినవాళ్లని అడగండి, చెప్తారు. చిన్న బాణలి తొందరగా కాగుతుంది: పోలో జీటీ 1.2 టీఎస్ఐ 1500 దగ్గరే 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అంతా ఇచ్చేసేది.

మరి గేర్లన్నీ పొట్టివి చేసేస్తే, అంటే రేషియో అంకెలు పెంచేస్తే? అబ్బే. మొదటి గేరు మరీ పొట్టిదైతే బూస్ట్ వచ్చేలోపే ముల్లు రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల చివరి హద్దు) తాకుతుంది, లేదా టైర్లు ఊరికే తిరుగుతాయి. రెండో గేరు 95 కి.మీ. వేగం దగ్గర అయిపోతే, 100 అందుకోడానికి ఇంకోసారి మార్చాలి, అక్కడ కాస్త టైం పోయింది. గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ మధ్య ఉండే చివరి గేర్ల జత, ఫైనల్ డ్రైవ్‌దీ ఇదే కథ, అది వేరే వీడియో.

కెమెరా వెనక మావాడు వాచీ చూపిస్తున్నాడు. అన్నట్టు, నా సొంత కారు మాన్యువలే. ఇష్టం వేరు, స్టాప్‌వాచ్ వేరు. ఇక ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) సంగతి అడుగుతారని తెలుసు. అది ఆటోమేటిక్ వేషం వేసుకున్న మాన్యువల్. ఉన్నది ఒకటే క్లచ్. కాబట్టి గేరు మారిన ప్రతిసారీ పొయ్యి ఆరుతుంది, కాకపోతే ఆర్పేది నువ్వు కాదు, కంప్యూటర్.