స్పార్టన్‌బర్గ్‌కి జర్మన్లు ఎందుకొచ్చారు, మనం ఛాంబర్‌లో ఎందుకు చేరాలి

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు, థాంక్స్. యూరప్‌తో వ్యాపారం చేద్దామనుకునే మనలాంటి చిన్న కంపెనీల వాళ్ళు ఇక్కడ సౌత్ కరోలినాలో ఛాంబర్లలో, అంటే ఊళ్ళోని వ్యాపారస్తుల సంఘాల్లో, చేరితే ఏమొస్తుంది అనేది ఇవాళ్టి టాపిక్. చాలామంది అనేది ఒకటే, మెంబర్‌షిప్ కట్టాం, మీటింగులకెళ్ళాం, కార్డులు పంచాం, ఒక్క ఆర్డర్ రాలేదు అని. నిజమే, రాదు కూడా. ఎందుకు రాదో తెలియాలంటే మనముండే స్పార్టన్‌బర్గ్ కథే చూడాలి.

ఐ-85 హైవే మీద బీఎండబ్ల్యూ ప్లాంట్ పక్కనుంచి వెళ్ళనివాళ్ళు ఇక్కడెవరూ ఉండరు. 1992లో ప్రకటించారు, 1994లో మొదటి కారు బయటికొచ్చింది. రాష్ట్రం రాయితీలిచ్చింది కాబట్టి వచ్చారంటారు, అది సగం సంగతే. అంతకు చాలా ముందే, 1960ల నుంచే, ఇక్కడ జర్మన్, స్విస్ కంపెనీలున్నాయి. ఇదంతా బట్టల మిల్లుల ప్రాంతం కదా, రోజర్ మిల్లికెన్ అని పెద్ద మిల్లు యజమాని, ఆయనకి కావాల్సిన మెషీన్లు యూరప్‌లో తయారయ్యేవి, ఆ తయారీవాళ్ళు ఇక్కడే ఆఫీసు పెడితే బావుంటుందని ఆయన ఆలోచన. అప్పట్లో స్పార్టన్‌బర్గ్ ఛాంబర్ నడిపింది రిచర్డ్ టూకీ. 1960ల్లో ఆయన ఇక్కడి వ్యాపారస్తుల్ని వెంటబెట్టుకుని స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లో జరిగిన టెక్స్‌టైల్ మెషీన్ల ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. వచ్చిన కంపెనీలకి స్థలం చూపించి వదిలెయ్యలేదు, లాయర్‌ని చూసిపెట్టడం దగ్గర్నుంచి ఊళ్ళోవాళ్ళకి పరిచయం చెయ్యడం దాకా ఛాంబరే చూసుకుంది. 1961లో మొదలైన టెక్నికల్ కాలేజీలు పనివాళ్ళని తయారుచేశాయి. 1975లో ఫ్రాన్స్ కంపెనీ మిషలిన్ పక్కనున్న గ్రీన్‌విల్‌లో టైర్లు మొదలుపెట్టింది. అంటే బీఎండబ్ల్యూ వాళ్ళు ఇక్కడికొచ్చి ఎలా ఉంటుందని అడగాలనుకుంటే, చెప్పడానికి జర్మన్ మాట్లాడేవాళ్ళే ఉన్నారు!

నా ఉద్దేశంలో నెట్‌వర్క్ చేసే అసలు పని ఇదే. మనవైపు సంబంధాలు చూసేటప్పుడు మధ్యలో ఒకాయన "వాళ్ళు నాకు తెలుసండీ, మంచివాళ్ళు" అంటే సగం పనైపోతుంది చూడండి, అదే. ఆ మాట అనాలంటే ఆయన మన పని చూసుండాలి, అందుకే కార్డులు పంచడంకన్నా ఏదో ఒక కమిటీలో కూర్చుని పని చెయ్యడం మేలు. మనం మాత్రం ప్రతి వీకెండ్ మనవాళ్ళ ఫంక్షన్లకే వెళ్తాం, మనవాళ్ళకే అమ్ముకుంటాం.

ఇంకో సంగతి, డైరెక్ట్‌గా పెద్ద కార్ల కంపెనీకే సప్లై చేసేద్దామని ఆశపడకండి. ముందు వాళ్ళకి పార్టులిచ్చే కంపెనీలకి పార్టులివ్వండి, అక్కడ కూడా ఐఏటీఎఫ్ 16949, అంటే కార్ల పార్టుల తయారీకి ఉన్న క్వాలిటీ సర్టిఫికేట్, ఉందా అని అడగొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓడలూ కంటైనర్లూ లేవుగానీ జీడీపీఆర్ ఉంది, అంటే జనాల వ్యక్తిగత డేటాని కాపాడే యూరప్ చట్టం, 2018 నుంచి అమల్లో ఉంది, యూరప్ కస్టమర్ల డేటా ముట్టుకుంటే ధర కన్నా ముందు ఆ మాటే వస్తుంది. మీ పార్టనర్ అక్కడ చిన్న కంపెనీ అయితే వాళ్ళని ఎంటర్‌ప్రైజ్ యూరప్ నెట్‌వర్క్‌ని కలవమనండి, యూరోపియన్ కమిషన్ 2008లో పెట్టింది, చిన్న కంపెనీల కోసమే.

సరుకు పంపేవాళ్ళకి గ్రీర్‌లో ఇన్‌లాండ్ పోర్ట్ ఉంది, అంటే సముద్రానికి దూరంగా కంటైనర్లని రైలెక్కించే చోటు, 2013 నుంచి. కంటైనర్ అక్కడ రైలెక్కితే 212 మైళ్ళు వెళ్ళి చార్లెస్టన్ రేవుకి చేరుతుంది. మన ఒక్కళ్ళ కోసం ఎవడూ రైలు నడపడు, పెద్దవాళ్ళ సరుకు ఉంది కాబట్టే నడుస్తోంది, దాన్ని మనమూ వాడుకోవచ్చు.

ఇక టారిఫ్‌లు, అంటే దిగుమతి సుంకాలు. 2025 జులైలో అమెరికా, యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఒప్పందం ప్రకటించాయి, ఈయూ నుంచి ఇక్కడికొచ్చే చాలా సరుకుల మీద 15 శాతం అన్నారు. పేపర్లో చదివితే అంతే తెలుస్తుంది, మీ సరుకుకి ఏది వర్తిస్తుందో చెప్పేది కస్టమ్స్ బ్రోకర్, అంటే సరుకుని కస్టమ్స్ దాటించే పని చూసేవాడు, ఆయన ఛాంబర్ మీటింగులో మీ పక్క కుర్చీలోనే ఉండొచ్చు. మాట కలిపితే ఆయన మొదట అడిగేది మీ హెచ్ఎస్ కోడ్ ఎంత అని, అంటే సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబరు, అందులో మొదటి ఆరంకెలు అన్ని దేశాల్లో ఒకటే, ఆ తర్వాతవి దేశాన్ని బట్టి మారతాయి. మీది తెలీకపోతే మీటింగ్‌కి వెళ్ళేలోపు చూసుకోండి. సరే, ఇక మీరడగండి.