గులాబీ ఎక్కడికి పోయింది? ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్

(స్క్రీన్ మీద: పచ్చటి ఆకుల మధ్య ఒక ఎర్ర గులాబీ)

ఈ గులాబీని చూడండి. ఎక్కడుందో వెతకాల్సిన పనే లేదు కదా? ఇప్పుడు ఒక్క నొక్కుతో బ్లాక్ అండ్ వైట్ చేసేస్తున్నాను.

(ఫోటో మారుతుంది)

పువ్వేది, ఆకేది?

"బ్లాక్ అండ్ వైట్ అంటే ఏముందండీ, రంగు తీసేయడమేగా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రంగు తీసేస్తే మిగిలింది ఇదిగో, ఈ బూడిద ముద్ద. ఏ రంగు ఎంత ముదురు బూడిదగా కనిపించాలో ఎవరో ఒకరు తేల్చాలి. మీరు తేల్చకపోతే ఫోనే తేల్చేస్తుంది.

ఎలా తేలుస్తుందో లెక్క వేసి చూద్దాం. ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటీ 0 నుంచి 255 లోపు. అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువ. వాటిని ఒకే బూడిద అంకెగా మార్చడానికి బాగా వాడుకలో ఉన్న సూత్రం ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కలుపుతుంది. యాప్‌ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఆకుపచ్చకి అంత పెద్ద వాటా ఎందుకంటే మన కంటికి అదే ఎక్కువ వెలుగ్గా తోస్తుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కూడా ఇదే పట్టుకున్నాడు. 1976లో పేటెంట్ వచ్చిన ఆయన డిజైన్‌లో, కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్ మీది రంగు ఫిల్టర్లలో సగం ఆకుపచ్చవే. మన ఫోన్లు చాలావరకు ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

సరే, మన గులాబీ దగ్గరికి వద్దాం. రేకు మీది ఒక చుక్క 200, 30, 40 అనుకోండి. గుణించి కలిపితే 82. పక్కనే ఆకు 50, 110, 40. అది 84. తేడా రెండంటే రెండు! అంత చిన్న తేడా ఏ కన్ను పట్టుకుంటుంది?

ఇప్పుడు ఎరుపు అంకె ఒక్కటే తీసుకుందాం. గులాబీ 200, ఆకు 50. పువ్వు చీకట్లో దీపంలా వెలుగుతుంది. ఆకుపచ్చ ఒక్కటే తీసుకుంటే గులాబీ 30, ఆకు 110. ఈసారి నల్ల గులాబీ! నీలం తీసుకుంటే రెండూ 40, మళ్ళీ మాయం. పువ్వు అదే, వెలుగు అదే, ఫోటోలు మాత్రం మూడు.

ఇది కొత్త విద్యేం కాదు. పాతకాలంలో లెన్స్ ముందు రంగు గాజు ఫిల్టర్ బిగించి ఇదే పని చేసేవారు. ఆర్థోక్రొమాటిక్ అనే ఫిల్ముకైతే ఎరుపు దాదాపు కనిపించదు, కాబట్టి దాని మీద మన గులాబీ నల్లగానే పడుతుంది. దాన్ని డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ధైర్యంగా కడగగలిగేది కూడా అందుకే.

ఫోన్‌లో ఆ గాజు ముక్కల బదులు స్లైడర్లు. లైట్‌రూమ్, స్నాప్‌సీడ్ అని ఫోటోలు దిద్దే యాప్‌లున్నాయి. లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ చేశాక కలర్ మిక్స్‌లోకి వెళ్ళండి. స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ టూల్‌లోనే రంగు ఫిల్టర్లున్నాయి. ఎరుపు పెంచితే ముఖం మీద మచ్చలు పలచబడతాయి. నీలం తగ్గిస్తే ఆకాశం ముదిరి మబ్బులు తేలతాయి. అలాగని ఆకాశాన్ని తారులా చేసేయకండి, నాకు ఆ ఫోటోలు చూస్తే చిరాకు. పైగా ఫోటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ ఫైల్‌లో రంగు సమాచారం మామూలుగా కుదించి ఉంటుంది. గట్టిగా లాగితే ఆకాశం గళ్ళు గళ్ళుగా పగులుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. వీలైతే రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టిన సమాచారం దాదాపు అలాగే ఉండే ఫైల్‌లో తీయండి. కెమెరాలోని మోనో (బ్లాక్ అండ్ వైట్) మోడ్‌తో జాగ్రత్త, కొన్ని ఫోన్లు రంగుని అక్కడే పారేస్తాయి, తర్వాత ఏ స్లైడరూ పనిచేయదు. ఐఫోన్‌లో ఫిల్టర్ పెట్టి తీసినా ఎడిట్‌లోకి వెళ్ళి తీసేయొచ్చు. తెల్లటి భాగాలు మాడిపోకుండా ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, కొంచెం తగ్గించి తీయండి.

ఇంకొక్కటి. ఆ గులాబీ మీద పక్కనుంచి ఎండ పడుతూ, వెనక ఆకులు నీడలో ఉంటే ఈ స్లైడర్ల గొడవే ఉండదు, పువ్వు తనంతట తనే విడిగా కనిపిస్తుంది. ఇది మొదటే చెప్పాల్సింది. కానీ చెప్పుంటే ఆ 82, 84 లెక్క మీరు వినేవారా?