గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

హోస్ట్: నమస్కారం. రిపోర్టు చేతికి రాగానే అందులోని మాటలు చూసి హడలిపోయేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. కార్డియాలజిస్టు గారు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్... మూడూ ఒకటే అనుకుంటాం మేమంతా.

డాక్టర్: వార్తల్లో కూడా కలిపేస్తారండీ, ఏం చేస్తాం! హార్ట్ ఎటాక్ అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం పూడుకుపోవడం. నాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లితే, దాని మీద రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అయితే గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

హోస్ట్: అంటే స్పృహలోనే ఉంటారా?

డాక్టర్: చాలామంది ఉంటారు. ఆస్పత్రికి నడుచుకుంటూ వచ్చేవాళ్లూ ఉన్నారు. ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, చెమటలు పోస్తాయి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పే రాదు. ఆయాసం, వికారం, అంతే. గ్యాసేమోలే అని సరిపెట్టుకునే ప్రమాదం అక్కడే ఉంది.

హోస్ట్: మరి కార్డియాక్ అరెస్ట్?

డాక్టర్: అందులో గుండె నిజంగానే పని ఆపేస్తుంది. చాలాసార్లు గుండెను నడిపించే విద్యుత్ సంకేతాలు గాడి తప్పుతాయి. కింది గదులు ఊరికే వణుకుతాయి తప్ప రక్తాన్ని తోయవు. మనిషి ఉన్నపళంగా కుప్పకూలతాడు, పిలిస్తే పలకడు. కొందరిలో కాసేపు ఎగశ్వాస కనిపిస్తుంది. అది చూసి ‘ఊపిరి ఆడుతోందిలే’ అని ఊరుకోకూడదు. అంబులెన్సుకు ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ నడిమధ్యన నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా.

హోస్ట్: ఎటాక్ వచ్చినవాళ్లకి అరెస్ట్ కూడా రావచ్చా?

డాక్టర్: రావచ్చు. ఎటాక్ అనగానే మేం అంత పరుగులు పెట్టేది అందుకు కూడా.

హోస్ట్: ఇక ఫెయిల్యూర్. వింటేనే అంతా అయిపోయినట్టుంది.

డాక్టర్: ఆ పేరు పెట్టినవాళ్లను అనాలి! గుండె ఆగిపోయిందని కాదండీ, ఒంటికి కావాల్సినంత రక్తాన్ని అందించలేకపోతోందని. దాంతో ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది. నేను పేషెంట్లను ముందు అడిగేది, ‘ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు?’ అని. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది కాబట్టి, తెలియకుండానే ఒకటి కాస్తా రెండు, మూడు అవుతాయి. బరువు కూడా చూసుకోమంటాం. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టరుకు చెప్పాల్సిందే. మందులతో ఏళ్ల తరబడి పనులు చేసుకుంటున్నవాళ్లు ఎంతోమంది.

హోస్ట్: ఎకో, అదే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, ఆ రిపోర్టులో ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) 60 శాతం అని ఉంటే, గుండె 40 శాతం పాడైపోయిందని ఏడ్చేవాళ్లను చూశాను.

డాక్టర్: రోజూ చూస్తాం! 60 అంటే చక్కగా ఉన్నట్టు. ఎడమ కింది గది నిండాక, ఒక్కసారి ముడుచుకున్నప్పుడు అందులో ఎంత శాతం రక్తం బయటికి వెళ్తుందో ఆ లెక్క అది. ఎవరి గుండే నూటికి నూరు శాతం ఖాళీ కాదు. 40, అంతకంటే తక్కువ ఉంటే తగ్గిందంటాం. ఇంకో చిక్కు ఏంటంటే, ఈఎఫ్ బాగానే ఉన్నా ఫెయిల్యూర్ ఉండొచ్చు. గోడలు బిరుసెక్కి గుండె సరిగ్గా నిండకపోతే అలా అవుతుంది. అంకె ఒక్కటే చూసి ధీమా పడకూడదు, దిగులూ పడకూడదు.

హోస్ట్: ‘అక్యూట్’ అని కనబడినా భయమే.

డాక్టర్: అక్యూట్ అంటే ఈమధ్యే మొదలైందని. జలుబు కూడా అక్యూటే. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. తీవ్రత ఎంతన్నది వేరే లెక్క.

హోస్ట్: చివరగా, ‘ట్రేస్ టీఆర్’ అని ఎకోలో రాస్తారు. కవాటం లీకు అట కదా?

డాక్టర్: గుండె కుడివైపు కవాటం మూసుకున్నప్పుడు కాస్త రక్తం వెనక్కి జారడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మామూలే.

హోస్ట్: మందులేమైనా?

డాక్టర్: మిగతా ఎకో అంతా బాగుండి, అదొక్కటే ఉంటే ఏమీ అక్కర్లేదండీ.