ఎవరూ కొట్టలేదు, ఎవరూ అడగలేదు: కథల్లోని కుటుంబాలు, కన్నవారి మీద నింద

నమస్కారం. ఈ వీడియోలో మనం మాట్లాడుకోబోయేది కథల్లోనూ సినిమాల్లోనూ కనిపించే ఒక రకం కుటుంబాల గురించి. ఆ ఇళ్లలో పిల్లల్ని ఎవరూ కొట్టరు, పస్తు పెట్టరు, చదువు మాన్పించరు. కానీ ఆ పిల్లల మనసులో ఏం జరుగుతోందో కూడా ఎవరూ అడగరు. మనస్తత్వ శాస్త్రం దీన్ని బాల్యంలో జరిగే మానసిక నిరాదరణ అంటుంది.

[తెరపై: సాయంత్రం, వంటగది. అన్నం కంచం ముందు కూర్చున్న పదేళ్ల పాప.]

ఇలా ఊహించుకోండి. పాపకు ఆ రోజు తరగతిలో అందరి ముందూ అవమానం జరిగింది. ఇంటికొచ్చి, బ్యాగు మూలన పెట్టి, కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుంది. తల్లి వేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టింది, యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చారా అని అడిగింది. తండ్రి రాత్రి పొద్దుపోయాక వచ్చి, స్కూలు ఫీజు రసీదును జాగ్రత్తగా బీరువాలో దాచాడు. పాప ముఖం ఎందుకలా వాడిపోయిందని ఇద్దరూ అడగలేదు. ఒక్క రోజు ఇలా జరిగితే దానికి పేరు పెట్టనక్కర్లేదు. బాల్యమంతా ఇలాగే గడిచినప్పుడు, తన బాధ ఎవరికీ చెప్పదగినది కాదని పాప నేర్చుకుంటుంది. పెద్దయ్యాక ఎప్పుడైనా ఆ వెలితి గురించి నోరు విప్పితే, మన ఇళ్లలో సిద్ధంగా ఉండే ప్రశ్న ఎదురవుతుంది: "నీకేం తక్కువ చేశాం?" ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు. చూపించడానికి దెబ్బ లేదు, చెప్పడానికి సంఘటన లేదు. పైగా అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టిన దోషం కూడా ఆమె మీదే పడుతుంది.

జరిగినదాన్ని గుర్తించడం తేలిక, జరగనిదాన్ని గుర్తించడం కష్టం. పరిశోధకులకు కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. బాల్యంలో ఎదురైన చేదు అనుభవాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధంపై వైద్యులు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం అమెరికాలో చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. అందులో లెక్కలోకి తీసుకున్నవి ఏడు రకాల అనుభవాలు: దూషణ, శారీరక హింస, లైంగిక హింస, ఇంట్లో తల్లిని కొట్టడం, కుటుంబంలో మద్యం లేదా మత్తుమందుల వాడకం, మానసిక వ్యాధి, జైలు శిక్ష. నిరాదరణ ఆ జాబితాలో లేదు. తర్వాతి విడత సర్వేలో దాన్ని చేర్చినప్పుడు మానసిక నిరాదరణకు సంబంధించిన ప్రశ్నలను తలకిందులుగా వేయవలసి వచ్చింది. మిమ్మల్ని ఏం చేశారు అని కాక, మీరు ముఖ్యమైనవారన్న భావన మీకు కలిగించినవారు ఇంట్లో ఉన్నారా, ప్రేమ అందుతోందని మీకు అనిపించేదా అని అడిగారు. లేదన్న జవాబులను బట్టి నిరాదరణను కొలిచారు.

[తెరపై: ఎదురెదురుగా తల్లి, కుర్చీలో పసిపాప.]

మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగం మీలో కొందరు చూసే ఉంటారు. తల్లి బిడ్డతో కాసేపు ఆడుతుంది. తర్వాత, ముందే చెప్పినట్టుగా, ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, వేలితో ఏదో చూపిస్తుంది. అమ్మ ముఖం కదలకపోవడంతో కలవరపడుతుంది, చూపు పక్కకు తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ వెళ్లలేదు, ఎదురుగానే ఉంది. అయినా కొద్ది నిమిషాల్లోనే బిడ్డ అంతగా చెదిరిపోతుంది.

ఇప్పుడు కథల దగ్గరకు వద్దాం. చెంపదెబ్బను సినిమా ఒక్క షాట్‌లో చూపించగలదు, పదిహేనేళ్ల పాటు ఎవరూ అడగని ప్రశ్నను చూపించడం దానికి చేతకాదు. అందుకే మన కథలు చాలావరకు రెండు అడ్డదారుల్లో ఒకటి పట్టుకుంటాయి. తండ్రిని రాక్షసుడిగా చిత్రించి, నింద మోపడం తేలిక చేయడం ఒక దారి. చివరి అరగంటలో ఒక పాత ఉత్తరమో, మిత్రుడి మాటో అడ్డం పెట్టి, ఆ తండ్రి కొడుకు కోసం రహస్యంగా పడిన కష్టాలన్నీ బయటపెట్టడం ఇంకొకటి. అప్పుడు కొడుకు కుప్పకూలి తండ్రి కాళ్లు పట్టుకుంటాడు, హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. తండ్రి పడిన కష్టం నిజమే, అందులో సందేహం లేదు. కానీ కొడుకు చెప్పుకున్న వెలితికి అది జవాబు ఎలా అవుతుంది? తండ్రి ఎందుకు మాట్లాడలేకపోయాడో తెలిసినంత మాత్రాన, మాట కోసం ఎదురుచూసిన సంవత్సరాలు లేకుండా పోవు. ఇలాంటి ముగింపులు పిల్లల ఫిర్యాదును విన్నట్టే విని కొట్టివేస్తాయని నా అభిప్రాయం. ఈ వీడియో చేయడానికి కారణం కూడా అదే.

2006లో వచ్చిన 'బొమ్మరిల్లు' ఈ విషయంలో కాస్త ధైర్యం చూపించింది. అందులో ప్రకాష్‌రాజ్ పోషించిన తండ్రి నిర్లక్ష్యం చేసేవాడు కాడు, అతిగా పట్టించుకునేవాడు. కొడుకు వేసుకునే బట్టల నుంచి చేసుకోబోయే పిల్ల దాకా అన్నీ ఆయనే ఎంచుతాడు, కొడుక్కి ఏం ఇష్టమో మాత్రం అడగడు. నిరాదరణ ఇంత ప్రేమ మధ్యన కూడా ఉండగలదని తెలుగు ప్రేక్షకులకు అర్థమయ్యేలా చెప్పిన సినిమా అది. పతాక సన్నివేశంలో కొడుకు తన లోటును ఒక్కొక్కటిగా చెబుతాడు, తండ్రి వింటాడు. తన త్యాగాల చిట్టా విప్పి కొడుకు నోరు మూయించడు. ఆ సన్నివేశాన్ని ఇన్నేళ్ల తర్వాత కూడా జనం గుర్తుపెట్టుకోవడానికి సిద్ధార్థ్ నటన ఎంత కారణమో, ఆ తండ్రి వినడం కూడా అంతే కారణం అనుకుంటాను.

[తెరపై: తండ్రి కుర్చీలో కొడుకు, కొడుకు నిలబడే చోట తండ్రి. రేఖాచిత్రం.]

2023 డిసెంబరులో విడుదలైన హిందీ చిత్రం 'యానిమల్' దీనికి పూర్తి భిన్నం. సందీప్‌రెడ్డి వంగా తీసిన ఆ సినిమాలో తండ్రి పెద్ద పారిశ్రామికవేత్త, ఇంట్లో కనిపించేది తక్కువ. కొడుకు జీవితమంతా ఆయన చూపు తన మీద పడాలన్న ఆరాటమే. చివర్లో కొడుకు తాను తండ్రి పాత్ర తీసుకుని, తండ్రి చేత చిన్నప్పటి తన పాత్ర ఆడిస్తాడు. నాన్నా నాన్నా అని పిలుస్తున్న పిల్లవాడికి సమాధానం రాకపోవడం ఎలా ఉంటుందో తండ్రి తన నోటితో పలికి తెలుసుకోవలసి వస్తుంది. జరగనిదాన్ని తెరమీద చూపించడం కష్టమని ఇందాక అన్నాను, ఆ కొద్ది నిమిషాల్లో ఆ సినిమా దాన్ని చూపించగలిగింది. అయితే మిగతా మూడు గంటలూ ఆ లోటును కొడుకు చేసే ప్రతి హింసకూ సంజాయిషీగా వాడుకుంది. తండ్రి చూడకపోవడం వల్ల కొడుకు గాయపడ్డాడు, సరే. ఆ గాయం పేరు చెప్పి అతను భార్యతో ప్రవర్తించే తీరుకు తండ్రి జవాబుదారీ కాడు. కన్నవారి మీద మోపే నింద న్యాయమైనదే కావచ్చు, కానీ అది మోపినవాడు చేసే పనుల బాధ్యతను కూడా కన్నవారికి బదిలీ చేయజాలదు.

ఇక్కడ తండ్రుల గురించి చెప్పాను. తల్లుల విషయంలో నింద నడక వేరు. తండ్రి ఇంట్లో కనిపించకపోతే పాపం సంపాదనలో పడ్డాడంటారు, తల్లి అలా ఉంటే కన్నతల్లేనా అంటారు. ఈ పక్షపాతానికి శాస్త్రం కూడా ఒకప్పుడు ముద్ర వేసింది. 1940లలో ఆటిజాన్ని, అంటే ఇతరులతో కలవడం, మాట్లాడటం వేరుగా సాగే ఎదుగుదల తీరును, వర్ణించిన మనోవైద్యుడు లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందని రాశాడు. ప్రేమ లేని తల్లి వల్లే ఆటిజం వస్తుందన్న నమ్మకం దశాబ్దాల పాటు చలామణీ అయింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకం దాన్ని మరింత ప్రచారం చేసింది. ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్, దానికి మూలం జీవసంబంధమైనదని 1964లోనే వాదించినా, ఆ నమ్మకం అంత త్వరగా పోలేదు. ఎందరో తల్లులు బిడ్డ సంరక్షణ భారంతో పాటు, బిడ్డ స్థితికి తామే కారణమన్న నిందను కూడా మోశారు. మన సాహిత్యంలో బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలలో దయానిధిని వెంటాడేది కూడా తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలే. ఆమెకు తన తరఫున మాట్లాడే అవకాశం దాదాపు లేదు, కొడుకు జీవితంలోని ప్రతి బంధం మీదా మాత్రం ఆమె పేరే నీడలా పడుతుంది.

[తెరపై: గంగ ఒడ్డు, మధ్యాహ్నపు ఎండ.]

నిరాదరణనూ నిందనూ నేను చూసినంతలో అందరికంటే న్యాయంగా తూచిన కథ మహాభారతం. ఉద్యోగపర్వంలో, యుద్ధం ఖాయమయ్యాక, కుంతి గంగ ఒడ్డుకు కర్ణుడిని వెతుక్కుంటూ వెళుతుంది. అతను తూర్పు ముఖంగా చేతులెత్తి జపంలో ఉంటాడు. జపం ముగిసేదాకా ఆమె అతని వెనకే నిలబడుతుంది. ఎండ తాళలేక, వాడిన తామరమాలలా, అతని ఉత్తరీయం నీడలో నిలబడిందని వ్యాసుడు రాశాడు. కన్ననాడు నీడ ఇవ్వని తల్లికి కొడుకు పైబట్టే నీడ అయింది, ఇంకా కర్ణుడు ఆమెను చూడనే లేదు.

ఆమె అతని పుట్టుక చెబుతుంది, తమ్ముళ్లతో కలవమంటుంది. ఆకాశం నుంచి సూర్యుడు కూడా తల్లి మాట వినమంటాడు. కర్ణుడు జవాబులో ఎక్కడా గొంతు తగ్గించడు. నన్ను నీళ్లపాలు చేశావు, క్షత్రియుడికి జరగవలసిన సంస్కారాలు జరగకుండా చేశావు, శత్రువైనా ఇంతకంటే ఏం చేస్తాడు అంటాడు. తల్లిగా చేయవలసిన వేళ చేయక, ఇప్పుడు నీ మేలు కోరి వచ్చావంటాడు. అంతకు ముందు కృష్ణుడితో మాట్లాడినప్పుడు, తనను చూడగానే రాధకు ప్రేమతో పాలు చేపాయనీ, తన మలమూత్రాలు ఎత్తిపోసినది ఆమేననీ చెప్పి ఉన్నాడు. కన్నతల్లి ఎవరో తెలిసినంత మాత్రాన పెంచిన తల్లి చేసిన పని మాసిపోదన్నది అతని లెక్క. అంత మాట అన్నవాడు కుంతిని ఉత్త చేతులతో మాత్రం పంపడు. అర్జునుడిని తప్ప మిగతా నలుగురినీ చంపనని, ఎలా చూసినా నీకు ఐదుగురు కొడుకులు మిగులుతారని మాట ఇస్తాడు. ఫిర్యాదును వెనక్కి తీసుకోకుండానే దయ చూపడం సాధ్యమని ఆ ఒక్క జవాబుతో తెలుస్తుంది. మన సినిమాలు ఈ రెండింటిలో ఒకటి వదులుకుంటే గాని రెండోది దక్కదన్నట్టు కథ నడుపుతాయి.

ఇదే పర్వంలో చాలా అధ్యాయాల ముందు, రాయబారానికి వచ్చిన కృష్ణుడి దగ్గర కుంతి తన గోడు చెప్పుకుంటుంది. నన్ను నేను నిందించుకోను, సుయోధనుడినీ నిందించను, నా తండ్రినే నిందిస్తాను అంటుంది. చేతిలో బంతితో ఆడుకునే వయసులో ఆమెను కన్నతండ్రి శూరుడు, ధనం ఇచ్చినట్టుగా, స్నేహితుడైన కుంతిభోజుడికి ఇచ్చేశాడు. అంటే కర్ణుడు నిలదీసిన ఆ తల్లి కూడా కన్నవారు వదులుకున్న బిడ్డే. ఇది మన సినిమా అయితే గంగ ఒడ్డున ఆ సంగతి బయటపడేది, కర్ణుడు కరిగిపోయేవాడు. భారతంలో ఆమె ఆ మాట కర్ణుడి దగ్గర ఎత్తదు. తన బాధను కృష్ణుడికి చెప్పుకుంది గాని, కొడుకు ఫిర్యాదుకు అడ్డుగా వాడుకోలేదు. క్షమాపణ అడగలేదన్నది కూడా నిజమే, ఆ లోపాన్ని కవి దాచలేదు.

ఇంకొకటి గమనించాలి. కర్ణుడు రోజూ అర్ఘ్యమిచ్చే సూర్యుడు అతని తండ్రి. ఆ తండ్రిని కర్ణుడు అక్కడ ఒక్క మాట అనడు, మనలో కూడా అనేవారు అరుదు. యుద్ధం ముగిశాక, నీళ్లు వదిలే వేళ కుంతి నిజం చెప్పినప్పుడు, ధర్మరాజు తల్లిని తప్పుపట్టడంతో ఆగడు. ఆడవారి నోట రహస్యం దాగకూడదని స్త్రీలందరినీ శపిస్తాడు. పెళ్లికాని పిల్ల ఏ భయంతో బిడ్డను పెట్టెలో పెట్టిందో అడిగే తీరిక అతనికి ఆ దుఃఖంలో లేకపోయింది.

[తెరపై: అడవిలో ఆశ్రమం. తెల్లచీరలో వృద్ధురాలు.]

కుంతి కర్ణుడి విషయంలో తన తప్పును ఒప్పుకునేది చాలా ఏళ్ల తర్వాత, ఆశ్రమవాస పర్వంలో. ధృతరాష్ట్ర గాంధారులతో అడవికి వెళ్లిన ఆమె, వ్యాసుడి ముందు కర్ణుడి కథంతా చెబుతుంది. నా కొడుకని తెలిసి కూడా మూర్ఖురాలినై పట్టించుకోలేదు, అది నన్ను కాలుస్తోంది అంటుంది. నదిలో విడిచిన రోజుకు భయం కారణం కావచ్చు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన నాడు కవచం చూసి గుర్తుపట్టి, మూర్ఛపోయి తేరుకుని, కులం పేరుతో అతన్ని అవమానిస్తుంటే మౌనంగా కూర్చున్న నాటికి ఆమె పెళ్లికాని పిల్ల కాదు, రాణి. తెలిసి కూడా అన్న మాట ఆ రోజుకే వర్తిస్తుందని నేను చదువుకుంటాను. వ్యాసుడు ఆమెను ఓదారుస్తూ, నీ తప్పేమీ లేదంటాడు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఆమె తన మాట వెనక్కి తీసుకోదు. చనిపోయిన కొడుకును ఒక్కసారి చూడాలని మాత్రమే అడుగుతుంది.