పట్టకారుకు రెండో కాడ

(గుండె వాల్వు మార్పిడి చేయించుకున్నవారితో, వారి కుటుంబాలతో మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న, "మేడమ్, తోటకూర తినొచ్చా?" రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు మొదలుపెట్టగానే ఆకుకూరలు మానెయ్యమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే లివర్‌లోకి ఒకసారి తొంగిచూడాలి.

రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోటీన్లను ఫ్యాక్టర్లంటాం. వాటిలో 2, 7, 9, 10 నంబర్లవి లివర్‌లో తయారయ్యేటప్పుడు విటమిన్ కె ఉండి తీరాలి. ఇంట్లో పట్టకారు ఉంది కదా, దానికి ఒకటే కాడ ఉంటే పొయ్యి మీది గిన్నె దించగలరా? ఈ ప్రోటీన్ల మొదటి భాగంలో గ్లుటామిక్ ఆమ్లం ముక్కలుంటాయి. వాటికి ముందు ఒకటే కాడ. రెండోది బిగించే ఎంజైముకు విటమిన్ కె కావాలి. ప్రోత్రాంబిన్‌లో, అంటే 2వ ఫ్యాక్టర్‌లో, ఇలా 10 చోట్ల బిగించాలి. అప్పుడే అది కాల్షియంను పట్టుకుంటుంది, ఆ కాల్షియం ఆసరాతో గాయమైన చోట ప్లేట్‌లెట్ల మీద కుదురుకుంటుంది. కాడ బిగించని ప్రోటీన్ కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం చేయదు. కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ 1935లోనే ఈ విటమిన్‌కు పేరు పెట్టాడు. కాడ సంగతి బయటపడింది మాత్రం 1974లో!

ఒక్కో కాడ బిగించినప్పుడల్లా విటమిన్ కె ఖాళీ గోలీసోడా సీసాలా మిగులుతుంది. లివర్ దాన్ని పారెయ్యదు, మళ్లీ నింపుకుంటుంది. వార్ఫరిన్ ఆ నింపే మిషన్‌ను ఆపుతుంది. అంతేగానీ రక్తాన్ని 'పల్చన' చేయదు, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ! ఇదే మందు 1948లో ఎలుకల మందుగా అమ్మకానికొచ్చింది. కంగారు పడకండి, తేడా అంతా డోసులోనే ఉంది.

ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ, అంటే అవి నిండుగా వచ్చే కొత్త సీసాలన్నమాట. ఒక్కసారిగా ఎక్కువ తింటే మందు పని తగ్గుతుంది, ఒక్కసారిగా మానేస్తే పెరుగుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన జ్వరమొచ్చి వారం రోజులు జావ మీదే ఉన్నారు, పైగా యాంటీబయాటిక్ వాడారు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె, అదే ఐఎన్నార్, చూస్తే 6 దాటింది. "డోసు నేనేం మార్చలేదమ్మా" అంటారాయన. నిజమే, మారింది తిండీ, పక్కన చేరిన మందూ.

ఇంకో మాట. 7వ ఫ్యాక్టర్ కొన్ని గంటల్లో సగానికి తగ్గుతుంది, ప్రోత్రాంబిన్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే ఇవాళ మార్చిన డోసు ఫలితం రేపటి పరీక్షలో పూర్తిగా కనపడదు.

వారానికి రెండుసార్లు పాలకూర పప్పు తినే అలవాటుంటే అలాగే తినండి. దానికి తగ్గట్టు డోసు డాక్టరుగారు సర్దుతారు. సరే, ఐఎన్నార్ కాగితాలు తెచ్చినవాళ్లు ముందు వరసలోకి రండి.